బుల్‌బ్యాట్ వేళ

నిన్న సాయంత్రం ఇండియన్ కొట్లో కరివేపాకూ గోంగూరా తీసుకుని పార్కింగ్ లాట్‌లోకి వచ్చాను. నడినెత్తిన ఎక్కడో "పీఁంట్" అని వినబడింది. ముక్కుతో పలికినట్టుండే కూత. ఒక్కటే మాట, కాసేపాగి మళ్లీ అదే. సంచీలు కారు మీద పెట్టి పైకి చూశాను. ఎత్తు దీపస్తంభం చుట్టూ పురుగులు ముసురుకుని ఉన్నాయి. వాటి మధ్యలోంచి కొడవళ్లలాంటి పొడుగాటి రెక్కలు, ఒక్కో రెక్కకీ అడ్డంగా తెల్లటి పట్టీ, అటు తిరిగి ఇటు తిరిగి చీకట్లో కలిసిపోయాయి.

మా పిల్లవాడు కారు అద్దం దించి, "ఏంటి నాన్నా చూస్తున్నావు?" అన్నాడు.

"బుల్‌బ్యాట్" అన్నాను.

ఆ మాట పైకి అని చాలా ఏళ్లయింది. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఎవరినడిగినా నైట్‌హాక్ అంటారు, లేదా ఏమీ అనరు. ఆ పేరు నాకు నేర్పినావిడను మొన్న చలికాలం చివర్లో మిసిసిపీలో మట్టిచేసి వచ్చాం. అప్పటికింకా ఆ పిట్టలు దక్షిణ అమెరికా నుంచి తిరిగి రాలేదు. అవి లేని ఆకాశం కింద ఆవిడను సాగనంపాల్సి వచ్చిందని అప్పట్నుంచీ మనసులో ఒక మూల ఉండిపోయింది.

* * *

ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో నాకు అపార్ట్‌మెంట్లో చోటు దొరకలేదు. మనవాళ్లు రెండు గదుల్లో ఆరుగురు సర్దుకుని ఉన్నారు, ఏడోవాణ్ణి ఎక్కడ పెడతారు? యూనివర్సిటీకి మైలు దూరంలో ఒక చెక్క ఇల్లు, వెనకవైపు గది అద్దెకుందని ఎవరో చెప్పారు. ఇంటావిడ నల్లజాతి ఆవిడ, రిటైరైన ఇంగ్లీషు టీచరు. డెబ్బయ్యో పడిలో ఉన్నా నిటారుగా నడిచేది. నేను మనసులో టీచరమ్మ అనుకునేవాణ్ణి. పైకి మాత్రం అక్కడి పద్ధతిలో "యెస్ మ్యామ్", "నో మ్యామ్". ఆవిడ నన్ను "బేబీ" అనేది. ఇరవై మూడేళ్లవాణ్ణి బేబీ అంటుంటే మొదట్లో ఒళ్లు ముడుచుకుపోయేది. ఒక నెల తిరిగేసరికి, ఆ పిలుపు వినకపోతే ఇంటికి వచ్చినట్టు ఉండేది కాదు.

ఇంటి ముందు దోమతెర కట్టిన వరండా. గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల, ఒక పాత ఫ్యాను, కిటికీలో పెట్టిన రేడియో. పొద్దు వాలే వేళకి గాజు జగ్గులో తియ్యటి చల్లటి టీ తెచ్చి పెట్టి, లోపలికి కేకేసేది.

"బుల్‌బ్యాట్ వేళయింది బేబీ, బయటికి రా."

మొదటిసారి అర్థం కాలేదు. గడియారంలో ఆ వేళ ఎక్కడుందో! తర్వాత తెలిసింది, అక్కడి పాతవాళ్లకి అది సాయంత్రానికి పేరని. మనం గోధూళి వేళ అన్నట్టు, దీపాలు పెట్టే వేళ అన్నట్టు. పనంతా అయిపోయి, చీకటి ఇంకా పడక, మనుషులు వరండాల్లోకి వచ్చి కూర్చునే సమయం. ఆ సమయానికే ఆ పిట్టలు ఆకాశంలోకి వస్తాయి.

జూన్ వస్తే ఒళ్లో పళ్లెం పెట్టుకుని కాయలు వొలిచేది. పర్పుల్ హల్ పీస్ అని చెప్పింది. ఒక కాయ చేతిలోకి తీసుకుని చీల్చి చూద్దును కదా, అలసందలు! తొక్క ఊదారంగు, అంతే తేడా. మా జేజి అనంతపురం జిల్లాలో అరుగు మీద కూర్చుని వొలిచిన అలసందకాయలే. అవి ఆఫ్రికా నుంచి బానిసల ఓడలతో అమెరికాకి వచ్చాయని ఆవిడ చెప్పింది. మా ఊళ్లో గుగ్గిళ్లు చేస్తారని నేను చెప్పాను. ఆ రోజునించీ రెండో పళ్లెం నా ఒళ్లోకి వచ్చింది. గంట వొలిస్తే గోళ్ల చివర్లు ఊదా రంగెక్కేవి, మర్నాడు లాబ్‌లో కీబోర్డు మీద కూడా కనబడేవి.

* * *

కాయలు వొలుస్తూ పైకి చూడటం నేర్చుకున్నాను. మగపిట్ట ఎత్తుకి, ఇంకా ఎత్తుకి, "పీఁంట్" "పీఁంట్" అనుకుంటూ పోతుంది. ఉన్నట్టుండి రెక్కలు దగ్గరికి తీసుకుని రాయిలా కిందికి దూకుతుంది. ఇంక నేలకు కొట్టుకుంటుందనగా పైకి లేస్తుంది. ఆ లేచే క్షణంలో ఒక చప్పుడు. "హ్‌వూఁమ్". ఖాళీ బిందె మూతి దగ్గర నోరు పెట్టి ఊదితే వస్తుందే, అలాంటిది. అది గొంతులోంచి వచ్చేది కాదు. రెక్కల చివర ఈకల్లోంచి గాలి దూసుకుపోయినప్పుడు పుట్టే మోత.

"అది ఆబోతు రంకె" అంది టీచరమ్మ. "ఎగరడమేమో గబ్బిలంలాగా. అందుకే బుల్‌బ్యాట్."

ఆబోతు గబ్బిలం! ఆ పిట్ట ఆబోతూ కాదు, గబ్బిలమూ కాదు. పుస్తకాల్లో ఉన్న నైట్‌హాక్ అనే పేరు ఇంకా తప్పు. అది డేగ జాతి కాదు, నడిరాత్రి కంటే మునిమాపునా తెల్లవారుజామునా ఎక్కువ ఎగురుతుంది, ఒక్కోసారి పట్టపగలే తిరుగుతుంది. ముక్కు చూస్తే గింజంత, నోరు తెరిస్తే కళ్లకిందిదాకా చీలుతుంది. ఎగురుతూనే పురుగుల్ని నోట్లోకి తోసుకుంటుంది. ఇంత పిట్టకి ఒక్క పేరూ సరిగ్గా అతకలేదు. అయినా పల్లెవాళ్లు పెట్టిన పేరే నాకు నచ్చింది. అందులో చెవితో విన్నదీ కంటితో చూసిందీ రెండూ ఉన్నాయి. నైట్‌హాక్‌లో చప్పుడే లేదు.

ఆవిడ తండ్రి కుర్రతనంలో, సాయంకాలాలు పత్తి చేల గట్ల మీద దొరల పిల్లలు తుపాకులు పట్టుకుని నిలబడేవారట. ఆ పిట్ట ఎటు తిరుగుతుందో తెలియదు కాబట్టి గురి చూసుకోవడానికి దానిమీద కాల్చేవారు. దక్షిణాది రాష్ట్రాల్లో అదొక వేడుక. కింద పడ్డవాటిని ఏరుకొచ్చే పని నల్లపిల్లలది. 1918లో వలస పక్షుల చట్టం వచ్చి ఆ వేటకి అడ్డం పడింది. "నాన్న ఆ పేరు ఎప్పుడూ గట్టిగా పలికేవాడు కాదు" అంది ఆవిడ. "చేతిలో వెచ్చగా ఉండేవట, అరచెయ్యంత కూడా బరువుండేవి కాదట." ఆ మాట చెప్పి చాలాసేపు కాయలే వొలిచింది.

* * *

మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, సంత నుంచి రాత్రిపూట ఎద్దులబండి తోలుకొచ్చేవాడు. బండి కింద లాంతరు ఊగుతుండేది. నేను వెనక గడ్డిలో పడుకుని ఉండేవాణ్ణి. దావ మధ్యలో ముందు దూరంగా రెండు ఎర్రటి నిప్పుకణికలు కనబడేవి. బండి దగ్గరికి పోయేదాకా కదిలేవి కావు. ఎద్దుల కాళ్ల కిందికి వచ్చాయి అనుకునేలోపు చప్పుడు లేకుండా లేచి, పక్కకి పోయి, మళ్లీ దుమ్ములోనే కూర్చునేవి.

"అబ్బా, ఏమది?"

"పిట్టరా. దావలో కూచుంటాది. ఎద్దులు తొక్కవులే, నువ్ పండుకో."

నడిరేయి చేలవైపు నుంచి దాని కూత వచ్చేది. చుక్, చుక్, చుక్, చుక్చుక్‌ర్ర్ర్. గచ్చు మీద గోళీ వదిలితే ముందు ఎత్తుగా, తర్వాత చిన్నగా, ఆఖరికి గలగలమని ఎగిరి ఆగిపోతుందే, అచ్చం అలా. మిద్దె మీద పడుకుని ఆ గోళీలు లెక్కపెడుతూ నిద్రపోయిన రాత్రులు ఎన్నో. దక్కన్ మెట్ట భూముల్లో, ముళ్లపొదల్లో ఉండే ఆ నైట్‌జార్, మిసిసిపీ బుల్‌బ్యాట్, రెండూ ఒకే కుటుంబం. ఆ సంగతి టీచరమ్మ వరండాలో కూర్చుని ఆవిడ పాత పక్షుల పుస్తకం తిప్పుతుంటే తెలిసింది. దగ్గర దగ్గర తొమ్మిదివేల మైళ్లు దాటి వచ్చి, అబ్బ బండి ముందు కూర్చున్న పిట్ట బంధువుల్ని చూస్తున్నానని తెలిసిన ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇంటి మీద బెంగ అని చెప్పుకోవడానికి సిగ్గేసి, తలనొప్పి అన్నాను.

* * *

ఆవిడ గదిలో గోడంతా పుస్తకాలు. నలభై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠాలన్నీ అక్కడే ఉన్నాయనిపించేది. ఏ పిట్ట సంగతి వచ్చినా లేచి వెళ్లి ఒక పుస్తకం పట్టుకొచ్చేది.

మొదట తెచ్చింది అమెరికన్ రచయిత థోరో రాసిన వాల్డెన్. 1854లో వచ్చింది. అందులో ఆయన చిక్కుడు చేలో కలుపు తీస్తుంటాడు, మేమేమో కాయలు వొలుస్తున్నాం. మధ్యాహ్నపు ఎండలో పైన నైట్‌హాక్ తిరుగుతుంది, ఆకాశం కంట్లో పడ్డ నలుసులాగా. ఉండుండి కిందికి దూకుతుంది, ఆకాశమంతా చిరిగి పీలికలైపోయినట్టు చప్పుడవుతుంది. తలెత్తి చూస్తే ఆకాశం ఎక్కడా అతుకు లేకుండా అలాగే ఉంటుంది. ఆ వాక్యం చదువుతూ ఉండగానే మా పైన ఒక పిట్ట దూకింది. ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి, నవ్వి, "విన్నావా, చిరిగింది" అంది. ఆ సాయంత్రం వరకూ నాకు ఇంగ్లీషు సాహిత్యమంటే పరీక్షకి బట్టీ పట్టేది. చదువుతున్న వాక్యం నెత్తిమీద నిజమవడం అంతకుముందు ఎరగను.

తర్వాత, అమెరికా పక్షుల బొమ్మలు గీసి వాటి గురించి రాసిన ఆడుబాన్. లూసియానాలోని ఫ్రెంచి క్రియోలులు ఈ పిట్టని ఎగిరే కప్ప అంటారనీ, వర్జీనియాలో ఉత్త గబ్బిలం అనే అంటారనీ ఆయన రాశాడు. ఆ కప్ప నోటిని కళ్లారా చూసినవాళ్లే ఆ పేరు పెట్టి ఉంటారు.

ఇంగ్లండు పల్లెల్లో ఇంకా చిత్రం. ఈ కుటుంబానికి లాటిన్లో ఉన్న పేరుకి మేకపాలు పిండేది అని అర్థం. రాత్రిపూట మేకల పొదుగులు పీల్చేస్తుందనీ, పొదుగులు ఎండిపోతాయనీ అరిస్టాటిల్ కాలం నుంచీ నమ్మకం. పశువుల చుట్టూ ముసిరే పురుగుల కోసం అది వస్తే, పాల కోసం వచ్చిందనుకున్నారు. గిల్బర్ట్ వైట్ అనే మతగురువు తన సెల్బోర్న్ ఊరి ప్రకృతి గురించి రాసుకున్న పరిశీలనల్లో, దూడలకు వచ్చే ఒక జబ్బుకి ఈ పిట్టే కారణమని తన చుట్టుపక్కల రైతులు నమ్ముతారని రాసి, ఏ పాపం ఎరగని జీవి మీద ఎంత నింద అని దానివైపు నిలబడ్డాడు. ఇది చదివినప్పుడు టీచరమ్మ గొంతులో కోపం వినిపించింది. రాత్రి పూట కనబడింది కాబట్టి దొంగ అనడం ఆవిడ ఊళ్లో పిట్టలకి మాత్రమే జరగలేదు మరి.

ఆవిడకి అన్నింటికన్నా ఇష్టమైనది ఇంగ్లీషు కవి థామస్ హార్డీ పద్యం. 1917లో వచ్చిన సంపుటంలోది. నేను పోయాక ఇరుగుపొరుగు నా గురించి ఏమనుకుంటారు అని అడుగుతాడు ఆ పద్యంలో. మసక చీకట్లో, కనురెప్ప చప్పుడు లేకుండా వాలినట్టు, ఒక పిట్ట నీడల్లోంచి వచ్చి గాలికి వంగిన ముళ్లచెట్టు మీద వాలుతుంది. ఆ పిట్టకి ఆయన వాడిన పేరు డ్యూఫాల్ హాక్. మంచు కురిసే వేళ డేగ అన్నమాట. నైట్‌జార్‌కి అదొక పేరు. అది చూసినవాళ్లు, ఆయనకి ఇది బాగా అలవాటైన దృశ్యమే అయి ఉంటుంది, అనుకోవచ్చు అంటాడు కవి.

ఆవిడ ఈ పద్యాన్ని పుస్తకం లేకుండా చెప్పేది. చీకట్లో, ఉయ్యాల గొలుసు కిర్రుమంటూ ఉండగా. ఇప్పటికీ ఆ పద్యం నాకు గొలుసు చప్పుడుతోనే గుర్తుంది.

* * *

ఒక రోజు, "మీ భాషలో బ్యాట్‌ని ఏమంటారు?" అని అడిగింది.

"గబ్బిలం."

రాసి చూపించమంది. కాయలు వొలిచి పోసుకునే న్యూస్‌పేపరు అంచున పెన్నుతో పెద్దగా రాశాను. అక్షరాల గుండ్రాలు చూసి మురిసిపోయింది. వేలితో వాటి మీద దిద్దింది.

ఆ పేరు మీద మాకొక కావ్యం ఉందని చెప్పాను. గుర్రం జాషువా, 1941. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అంటరానివాడు. వాడి గుడిసెలోకి రాత్రి ఒక గబ్బిలం వస్తుంది. గుడిలోకి వాడికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకని నా గోడు నువ్వు శివుడి చెవిన వెయ్యమని దాన్ని బతిమాలుకుంటాడు. పద్యాలు నాకు నోటికొచ్చినవి రెండో మూడో. అవి తెలుగులోనే చదివాను, తర్వాత అర్థం చెప్పాను. హైస్కూలు ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి, ఆ రెండు పద్యాలు నాకు రావడానికి కారణం మా ఊరి తెలుగు మాస్టారు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. 1954లోనే సుప్రీం కోర్టు తప్పని చెప్పినా, మిసిసిపీలో చాలా ఊళ్లలో 1970 దాకా నల్లపిల్లల బడి వేరు, తెల్లపిల్లల బడి వేరు. సగం ఉద్యోగం ఆవిడ ఆ వేరు బళ్లోనే చేసింది, తెల్లపిల్లలు చదివి చింపి వదిలేసిన పుస్తకాలతో. "దేవుడికి కబురు పంపడానికి గబ్బిలం ఒక్కటే దొరికిందా" అంది చివరికి. మళ్లీ ఒకసారి చదవమంది, తెలుగులోనే.

* * *

రెండో వేసవిలో నాకు క్యాంపస్ భవనాల మరమ్మతు చేసే బృందంలో పని దొరికింది. గంటకింత అని ఇచ్చేవాళ్లు. తారు బకెట్లు మొయ్యడం, చెత్త దించడం. అప్పటి భవనాల పైకప్పులన్నీ తారు పోసి గులకరాళ్లు పరిచినవే. ఒక ఉదయం పాత లైబ్రరీ పైకి ఎక్కాం. నేను అడుగు వెయ్యబోతుంటే మేస్త్రీ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఏమీ కనబడలేదు. రాళ్లే. ఆయన వేలు పెట్టి చూపించాక కూడా కొంతసేపటికి గానీ కన్ను పట్టలేదు. రాళ్ల మధ్య రాయిలా ఒక పిట్ట. బూడిదా, నలుపూ, గోధుమా కలగలిసిన ఈకలు, సగం మూసిన కన్ను. ఇంకో అడుగు వేశామో లేదో దొర్లినట్టు పక్కకి లేచి, రెక్కలు నేలకి బారజాచి, నోరు తెరిచి బుస్సుమంది. లోపల గులాబీ రంగు. అంత చిన్న పిట్టకి అంత నోరు! అది లేచిన చోట రెండు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు, ఈక లేదు. ఉత్త రాళ్ల మీద మచ్చల మచ్చల గుడ్లు రెండు.

కొండ కొమ్ముల మీద ఉత్త ఇసకలోనో బండ మీదో ఇవి గుడ్లు పెడతాయని థోరో చిక్కుడు చేలో రాసుకున్నాడు. ఊళ్లు పెరిగాక, అవి మన మేడల్ని కొండలనుకున్నాయి.

మేస్త్రీ ఆ మూల చుట్టూ ఒక తాడు పరిచాడు. ఆ వైపు పని మూడు వారాలు ఆపేశాడు. పైవాళ్లకి ఏం చెప్పుకున్నాడో తెలియదు. మా అబ్బ కూడా ఇంతే. దుక్కి దున్నేటప్పుడు తీతువ గుడ్లు కనబడితే ఒక పుల్ల గుచ్చి, నాగలి ఎత్తి, దాటించి మళ్లీ దించేవాడు.

సాయంత్రం ఈ కథ చెబితే టీచరమ్మ లైబ్రరీ వైపు చూసి, "మన పైన దూకేది వాళ్లాయనే" అంది. ఆ పిల్లలు ఎగిరాయో లేదో రోజూ అడిగేది. ఎగిరాయని చెప్పిన రోజు పీచ్ కాబ్లర్ చేసింది.

* * *

చదువైపోయి ఉద్యోగానికి టెక్సాస్ వచ్చేశాను. పండగలకి ఫోను, అప్పుడప్పుడూ ఉత్తరం. ఆవిడ ఉత్తరాల్లో ఒక వాక్యం తప్పకుండా ఉండేది. బుల్‌బ్యాట్లు వచ్చాయి అని ఏప్రిల్ ఉత్తరంలో, గుంపులు కట్టి పోతున్నాయి అని సెప్టెంబరు ఉత్తరంలో. కొన్నేళ్లకి ఏప్రిల్ వాక్యం మారింది. ఈసారి తక్కువ అని. ఆ తర్వాత, ఒక్కటి విన్నాను అని.

తొంభై దాటాక పోయింది. ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు రాత్రికి రాత్రే బయల్దేరి కారు నడుపుకుంటూ వెళ్లాను. చర్చిలో పాటలు, తర్వాత భోజనాలు. బల్ల మీద అలసందల కూర ఉంది. తిన్నాను.

తిరిగి వెళ్లే ముందు క్యాంపస్‌లోకి పోయాను. లైబ్రరీ పక్కనే పార్కింగ్ మేడ కట్టారు, దాని పై అంతస్తు నుంచి లైబ్రరీ కప్పు కనబడుతుంది. తెల్లటి రబ్బరు పొర, బల్లపరుపుగా, మెరుస్తూ. వాన కారదు, కరెంటు ఆదా. ఒక్క గులకరాయి లేదు. అమెరికా ఊళ్లన్నిట్లో పాత కప్పులు ఇలాగే మారుతున్నాయి, ఈ పిట్టలు తగ్గడానికున్న కారణాల్లో అదొకటి. పురుగులు తగ్గడం ఇంకొకటి. ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా ఆ తెల్లటి కప్పుని చూస్తే, తాడు పరిచిన మేస్త్రీ గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఇల్లు ఖాళీ చేస్తున్నాం, నీకేమైనా కావాలా అని కూతురడిగింది. హార్డీ పుస్తకం అడిగాను. అట్ట ఊడిపోయి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. కారులో కూర్చుని విప్పాను. ఆ పద్యం ఉన్న పేజీ దానంతటదే తెరుచుకుంది. డ్యూఫాల్ హాక్ అన్న మాట కింద పెన్సిలు గీత. మార్జిన్లో ఆవిడ బడిపంతులు దస్తూరీలో, బుల్‌బ్యాట్, అని రాసుంది.

పేజీల మధ్య గుర్తుగా పెట్టిన న్యూస్‌పేపరు ముక్క జారి ఒళ్లో పడింది. పసుపుపచ్చగా మారింది. అంచున అలసందల ఊదారంగు మరక. దానిమీద నా చేతిరాతతో, పెద్ద అక్షరాల్లో, గబ్బిలం.

కింద పెన్సిలుతో, వంకరటింకరగా, దిద్ది దిద్ది, అదే మాట ఇంకో మూడు సార్లు రాసి ఉంది.